ఊదా దీపం

ఆ దీపాన్ని తీసేసింది నేనే. కమిటీ వేసింది వాళ్ళు, సంతకాలు పెట్టింది వాళ్ళు. కానీ ఒక్కొక్క గాజు మీదికీ వంగి, టంకం కరిగించి, ఆవగింజంత దీపాన్ని పట్టకారుతో పీకేసింది మాత్రం ఈ చేతులే. నూట ఇరవై గాజులు. మూడు రోజులు పట్టింది.

మా నాన్న పెద్దాపురంలో కంసాలి. కొలిమి ముందు కూర్చుని నేను కూడా సన్నపని నేర్చుకున్నాను. తరవాత ఐటీఐ చదివి, కాకినాడ శివార్లలో గర్భిణుల కోసం పెట్టిన పరిశోధన కేంద్రంలో టెక్నీషియనుగా చేరాను. గాజు చేద్దామన్న ఆలోచన డాక్టర్ ఇందుమతిది. పట్టీలూ డబ్బాలూ అయితే ఆడవాళ్ళు తీసి పక్కన పెట్టేస్తారు, గాజైతే తియ్యరు అందావిడ. చూడటానికి మామూలు గాజులాగే ఉంటుంది. లోపలివైపు చర్మానికి ఆనుకుని సన్నని పొర ఉంటుంది. అది చెమటని రుచి చూసి ఒంట్లో షుగర్ ఎంతుందో చెబుతుంది. సరిగ్గా ఉంటే పచ్చదీపం, పెరిగితే ఎర్రదీపం. మరీ పడిపోతే రెండూ కలిసి టపటపా కొట్టుకుంటాయి. పెరిగినా, పడిపోయినా ఇంట్లోవాళ్ళ ఫోను మోగుతుంది.

మూడోది ఊదా దీపం. అది ఎందుకో నాకు అర్థమైంది నూకరత్నం వచ్చిన రోజున.

నూకరత్నం ఉప్పాడ పిల్ల. అయిదో నెల. పరీక్ష కోసం పొద్దుటినుంచి పచ్చి మంచినీళ్ళు తప్ప ఏమీ పుచ్చుకోకుండా వచ్చింది. గాజు తొడిగి కూర్చోబెట్టాం. కంప్యూటరు తెర మీద షుగర్ తొంభై ఆరు అని చూపించింది. డాక్టరుగారు పక్కన కుర్చీ వేసుకుని, "పుట్టింటికి వెళ్ళి ఎన్నాళ్ళయిందమ్మా?" అని అడిగింది. నూకరత్నం పమిట కొంగు మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టింది. తెర మీద అంకె నూట పది అయింది. కాసేపటికి నూట ముప్పై ఒకటి.

"చూశారా ఆచారిగారూ, ఒక్క మెతుకు లోపలికి పోలేదు," అంది డాక్టర్ ఇందుమతి ఆ పిల్ల వెళ్ళాక. "మనిషి దిగులుతో కుంగిపోతే, ఏదో ఆపద మీదికి వచ్చిందనుకుంటుంది ఒళ్ళు. పరిగెత్తడానికి బలం కావాలని, కాలేయంలో దాచుకున్న చక్కెరంతా రక్తంలోకి వదిలేస్తుంది. పులి వస్తే మంచిదే. కానీ ఈ పిల్ల పరిగెత్తి ఎక్కడికి పోతుంది?"

"అంటే షుగర్ దిగులువల్లేనా మేడమ్?"

"అందరికీ కాదు. కొందరికి దిగులు షుగర్‌ని పెంచుతుంది. ఇంకొందరికి షుగరూ, సూదులూ, పథ్యాలూ, ఇంట్లోవాళ్ళ తిట్లూ కలిసి దిగులు తెస్తాయి. ఒకసారి మొదలైతే ఏది ముందో ఏది వెనకో తెలీకుండా రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటూ తిరుగుతాయి. అందుకే ఈ మూడో దీపం. చెమటలో దిగులు తాలూకు రసాయనం పద్నాలుగు రోజులు ఆగకుండా కనబడితే వెలుగుతుంది."

నూకరత్నం గాజు మీద ఊదా దీపం పదిహేనో రోజున వెలిగింది. పదహారో రోజున ఆమె అత్త పోలమ్మ మా గేటు దగ్గరికి వచ్చింది.

"కడుపుతో ఉన్న పిల్ల చేతికి ఆ రంగు దీపమేంటండి బాబూ, పీడలాగ! ఈధిలో ఆడోళ్ళంతా అడుగుతన్నారు. మేం దాన్ని ఏడిపిస్తన్నామని ఊరంతా చాటింపేద్దారనా? తీసెయ్యండి దాన్ని! లేపోతే గాజే పగలగొట్టేత్తాను!"

ఆమె ఒక్కతే కాదు. ఇంకో పదిమంది అత్తలూ మొగుళ్ళూ అదే మాట అన్నారు. డైరెక్టరు రాజశేఖరంగారు కమిటీ వేశారు. గాజులు చేసేవాణ్ణి కనక నన్నూ కూర్చోబెట్టారు. నా నుదుటి మీద కుంకుమబొట్టు చూసి, "మీరు చెప్పండి ఆచారిగారూ. ఇలాంటివి మాకంటే మీకే బాగా తెలుస్తాయి," అన్నారు.

నన్ను అడగడమే గొప్పగా అనిపించింది నాకు. గొంతు సవరించుకున్నాను.

"సీమంతంలో ఎర్రగాజులూ పచ్చగాజులూ వేస్తాం సార్. నల్లవి వెయ్యం. వాటి మధ్య ఈ చీకటి రంగు దీపం వెలుగుతుంటే చూడ్డానికి శుభం కాదండి."

"అంతే, అంతే," అన్నారు డైరెక్టరు.

డాక్టర్ ఇందుమతి నావైపు తిరిగింది. "దీపం శుభం కాదా ఆచారిగారూ, దిగులు శుభం కాదా?"

నేను నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

లోపలి సర్క్యూట్ పలకలు మార్చాలంటే ఏడాది పడుతుందట. దీపం ఒక్కటీ పీకేస్తే చాలన్నారు. దానివల్ల లోపల లెక్క మాత్రం ఆగదు. గాజు దిగులుని కొలుస్తూనే ఉంటుంది, గుర్తుపెట్టుకుంటూనే ఉంటుంది. మనకి చెప్పదు, అంతే.

తీసిన దీపాల్ని నేను పారెయ్యలేదు. చిన్నప్పటి అలవాటు. సాయంత్రం పని అయ్యాక మా నాన్న పీట కింద గుడ్డ దులిపి, రవ్వంత బంగారం పొడి కూడా ఏరేవాడు. నూట ఇరవై ఊదా దీపాల్నీ ఇంటికి తెచ్చి, ఖాళీ కుంకుమభరిణెలో పోసి, పూజగదిలో కామాక్షమ్మ పటం పక్కన పెట్టాను.

*

మా కోడలు హైమ తుని అమ్మాయి. పెళ్ళయి రెండేళ్ళు. కాన్వెంటులో లెక్కలు చెప్పేది. వేవిళ్ళతో బస్సు ప్రయాణం పడక మానేసింది. మా అబ్బాయి చక్రధర్ విశాఖ రేవులో క్రేను నడుపుతాడు, పదిహేను రోజులకోసారి వస్తాడు. ఇంట్లో ఉండేది నేనూ, మా ఆవిడ మాణిక్యం, హైమ.

హైమకీ నాకూ పేపర్లో గళ్ళ నుడికట్టు పూరించడం సరదా. పొద్దున్నే నేను సగం రాసి, రానివి వదిలేసి డ్యూటీకి వెళ్ళేవాణ్ణి. సాయంత్రం వచ్చేసరికి మిగతావి ఆమె గుండ్రని అక్షరాలతో నిండి ఉండేవి. పైగా నా తప్పులకి కింద ఎర్రగీత. "మావయ్యగారూ, ఇవాళ మీకు పదికి ఆరే," అనేది.

అయిదో నెల వచ్చాక గళ్ళు ఖాళీగా ఉండిపోవడం మొదలైంది. నేను చూశాను. ఓపిక లేదు కాబోలు అనుకున్నాను. దువ్వెన చేత్తో పట్టుకుని అరగంట అలాగే కూర్చునేది. పాలు పొంగిపోతుంటే పొయ్యి ముందే నిలబడి చూసేది, కట్టేది కాదు. "ఏమ్మా, ఒంట్లో బాలేదా?" అంటే "ఏం లేదండీ," అనేది. ఏం లేదంటే ఏం లేదనే అనుకున్నాను.

అదే నెలలో పరీక్ష చేయిస్తే షుగర్ ఉందని తేలింది, ఇన్సులిన్ సూదులు మొదలుపెట్టారు. మా కేంద్రం నుంచే గాజు తెచ్చాను. ఎర్రదీపం, పచ్చదీపం. మూడో దీపం ఉండాల్సిన చోట చిన్న బెజ్జం, దాని మీద నేనే పూసిన లక్క. నా చేత్తో నేనే తొడిగాను. ఫోను నా దగ్గర పెట్టుకున్నాను.

అది మోగడం మొదలుపెట్టింది. తెల్లారుతూనే ఒకసారి. మధ్యాహ్నం పూట, ఇంట్లో అందరూ పడుకున్నాక ఒకసారి. అన్నం తగ్గించాం, అరటిపండు ఆపేశాం, రాగిసంకటికి మారాం. అయినా మోగేది. మోగిన ప్రతిసారీ నేనూ మాణిక్యం ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళం.

ఒక శుక్రవారం పొద్దున పూజకి అంతా సిద్ధం చేసుకున్నాను. నైవేద్యానికి బెల్లం ముక్క ఇత్తడి పళ్ళెంలో పెట్టి, పెరట్లోకి మందారాలు కోయడానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి పళ్ళెంలో బెల్లం లేదు. అప్పుడే జేబులో ఫోను మోగింది. ఎర్రదీపం. హైమ వరండాలో స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది.

"అమ్మా హైమా, పళ్ళెంలో బెల్లం ఏమైంది?"

"నాకు తెలీదు మావయ్యగారూ."

"ఫోను వేరేగా చెబుతోందే!"

మాణిక్యం వంటింట్లోంచి గరిటెతో వచ్చింది. "తినాలనిపిస్తే నన్నడగాలమ్మా. అడిగితే రవ్వంత నేనే పెట్టనా? అమ్మవారికి చూపించకముందే నోట్లో వేసుకుంటావా? కడుపులో ఉన్నదాని కోసమైనా భయం ఉండక్కర్లా?"

"నేను తినలేదు అత్తయ్యగారూ."

"మరి ఎవరు తిన్నారు? నేనా? ఆయనా?"

హైమ చెయ్యెత్తి గాజు వైపు చూసుకుంది. ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. "ఇది అబద్ధం చెప్పదా మావయ్యగారూ?"

"నా చేత్తో చేసిన వస్తువమ్మా," అన్నాను నేను. "అది అబద్ధం చెప్పదు."

నిజమే, అబద్ధం చెప్పలేదు. చెప్పవలసిన రెండో మాట దాని నోటిలోంచి నేనే పీకేశాను. ఆ సంగతి నాకు తెలుసు. అయినా ఆ క్షణంలో గుర్తు రాలేదు. మా ఇంటి పిల్లకి దిగులేమిటి? దిగులు ఇంకొకళ్ళ ఇళ్ళలో ఉంటుంది. ఉప్పాడలో ఉంటుంది. పోలమ్మలాంటి అత్తలున్నచోట ఉంటుంది.

ఆ బెల్లం ఎవరు తిన్నారో నాకు ఇప్పటికీ తెలియదు. కిటికీలోంచి ఉడుత వచ్చి ఉంటుంది. పటాల వెనక ఎలుక ఉండి ఉంటుంది. వెతకలేదు. దొంగ ఎదురుగా నిలబడి ఉందనుకున్నప్పుడు ఎవరు వెతుకుతారు?

ఆ రోజునుంచి వంటింటి అలమరకి తాళం పడింది. తాళంచెవులు మాణిక్యం బొడ్లోకి వెళ్ళాయి. పూజగదికి నేను గొళ్ళెం పెట్టడం మొదలుపెట్టాను. చక్రధర్‌కి ఫోను చేస్తే, "అది కొంచెం మొండిది నాన్నా, మీరే గట్టిగా చెప్పండి," అన్నాడు. చెప్పాం. గట్టిగానే చెప్పాం. ఇంటికి వచ్చినవాళ్ళ ముందు కూడా చెప్పాం.

నెలవారీ పరీక్షకి నేనే తీసుకెళ్ళాను. డాక్టర్ ఇందుమతి కాగితాలు చూసి, "నిద్ర పడుతోందా హైమా? ఏడుపు వస్తోందా? దేనిమీదా మనసు పోవట్లేదా?" అని అడిగింది.

హైమ నావైపు చూసింది. ఎందుకు చూసిందో అప్పుడు ఆలోచిస్తే బావుండేది. నేనే అందుకున్నాను. "మా ఇంట్లో పిల్లకేం లోటు మేడమ్? పువ్వుల్లో పెట్టి చూసుకుంటున్నాం."

"నేను మిమ్మల్ని అడగలేదు ఆచారిగారూ."

"బాగానే ఉన్నాను డాక్టరుగారూ," అంది హైమ.

ఎర్రదీపాల లెక్క ప్రకారం ఇన్సులిన్ మోతాదు పెరిగింది.

ఆ తరవాత వారంలో వింత జరిగింది. గాజు పచ్చబడింది. మూడు రోజులు ఒక్కసారి కూడా ఫోను మోగలేదు. మాణిక్యం మురిసిపోయింది. "చూశారా, నోరు కట్టుకుంటే ఎలా దారికొచ్చిందో!" అంది. నేను హైమని పిలిచి, "బంగారుతల్లివమ్మా," అన్నాను. రెండు నెలల తరవాత ఆ పిల్లతో నేను అన్న మొదటి మంచిమాట అది.

నాలుగో రోజు శుక్రవారం. పళ్ళెంలో బెల్లం పెట్టి, దీపం వెలిగించి, గంట చేతిలోకి తీసుకున్నాను. వరండాలో ఫోను మోగింది. ఒళ్ళు మండిపోయింది. మళ్ళీ మొదలుపెట్టింది, సరిగ్గా పూజవేళకే మొదలుపెట్టింది అనుకుంటూ, ఆ పళ్ళెం చేతిలో అలాగే పట్టుకుని బయటికి వచ్చాను. ఇవాళ ఈ బెల్లం మొహాన పెట్టి అడుగుతాను అనుకున్నాను. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా.

హైమ పెరట్లో బట్టలుతికే రాయి పక్కన కూలబడి ఉంది. జాకెట్టంతా చెమటతో తడిసిపోయింది. చేతులు వణుకుతున్నాయి. గాజు మీద ఎరుపూ పచ్చా రెండూ కొట్టుకుంటున్నాయి. రాయి వెనక సగం కలిపిన రాగిసంకటి ముద్దలు, వాటి చుట్టూ కాకులు. ఒక్క పూటవి కావు.

"మావయ్యగారూ," అంది. నాలుక తిరగడంలేదు. "నేను తినలేదు. నిజంగా తినలేదు."

ఆ మాట వినగానే నాకు అంతా అర్థమైపోయింది. సూది మాత్రం వేసుకుంటోంది. తినడం మానేసింది.

చేతిలో పళ్ళెం ఉంది. అందులో ఇంకా అమ్మవారికి చూపించని బెల్లం ఉంది. చితక్కొట్టి, చెంబులో నీళ్ళతో కలిపి, తల పైకెత్తి పట్టుకుని కొంచెం కొంచెంగా తాగించాను. "మింగమ్మా, మింగు తల్లీ, ఇంకొంచెం," అంటూనే ఉన్నాను. లోపల అమ్మవారి ముందు దీపం వెలుగుతోంది, గంట కింద పడి ఉంది. నైవేద్యం ఎంగిలైపోయింది. పది నిమిషాలకి హైమ చూపు కుదుటపడింది. అప్పుడు నేను ఏడ్చాను. మాణిక్యం గడపలో నిలబడి, బొడ్లో తాళంచెవుల గుత్తిని రెండు చేతులతో పట్టుకుని చూస్తోంది.

*

బిడ్డ గుండె బాగానే కొట్టుకుంటోందని ఆస్పత్రి స్కానింగులో తేలింది. మంచం మీద హైమ, పక్కన డాక్టర్ ఇందుమతి. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, పొమ్మనీ అనలేదు.

"ఎందుకు తినడం మానేశావు హైమా?"

"తినకపోతే పచ్చగా ఉంటుందండి. పచ్చగా ఉంటే ఇంట్లో అందరూ నాతో మామూలుగా మాట్లాడతారు," అంది హైమ. "అంతకుముందు కూడా తినబుద్ధి అయ్యేది కాదు. ఏదీ చెయ్యబుద్ధి అయ్యేది కాదు. ఈ బిడ్డ నాకెందుకా అనిపించేది. అలా అనిపిస్తే పాపం కదా అని ఎవరికీ చెప్పలేదు. నాకేం లోటు లేదు డాక్టరుగారూ. మావయ్యగారు చెప్పింది నిజమే. మరి నాకెందుకిలా ఉంది?"

డాక్టర్ ఇందుమతి ఆమెతో మాట్లాడుతున్నట్టే మాట్లాడుతూ నావైపు చూసింది. "మలేరియా వచ్చినవాళ్ళని నీకేం లోటని అడుగుతారా ఎవరైనా? ఇదీ జబ్బే. డిప్రెషన్. దీనికీ మందుంది, వినే మనిషి ఉంటే ఇంకా తొందరగా తగ్గుతుంది. ముందు కనిపెట్టాలి, అంతే. కనిపెట్టడానికి ఒక దీపం కూడా చేశాం ఒకప్పుడు."

నాకు కోపం వచ్చింది. ఎవరిమీదో చెప్పలేను. డైరెక్టరు మీద, పోలమ్మ మీద, "మొండిది" అన్న నా కొడుకు మీద. శుభం, అశుభం అని నా నోటికి నేర్పిన వాళ్ళందరి మీద. నా నోరు ఊరుకోదు, గాజు పెట్టుకున్న ఆ పిల్ల నోటికి మాత్రం తాళం వెయ్యాలి. ఇదేనా నేను చేసిన పూజ? ముప్పై ఏళ్ళు తెల్లారకుండా లేచి, తలస్నానం చేసి, ఆడదాని రూపంలో ఉన్న దేవత ముందు దణ్ణం పెట్టి, ఇవతలికి వచ్చి ఇంట్లో ఆడపిల్లని దొంగంటాను. నా కోపాలన్నీ ఊళ్ళో తిరిగి తిరిగి చివరికి నా గుమ్మంలోకే వచ్చి కూర్చున్నాయి.

హైమ గాజు అడిగి తీసుకుని ఇంటికి వెళ్ళాను. పూజగదిలో భరిణె తెరిచాను. మా నాన్న పట్టకారు తీసి, లక్క గీకి, ఒక ఊదా దీపాన్ని దాని చోట పెట్టి టంకం వేశాను. టంకం కడ్డీ మొన చల్లారకముందే అది వెలిగింది. గుర్తుపెట్టుకున్నదంతా ఫోనులోకి తీసి చూశాను. డెబ్భై నాలుగు రోజులు. బెల్లం పోయిన శుక్రవారానికి చాలా ముందునుంచే.

మాణిక్యం నా వెనక నిలబడి చూసింది. "ఈ రంగేనా మీరు అశుభమన్నది?" అంది. బొడ్లోంచి తాళంచెవులు తీసి భరిణె పక్కన పెట్టి, హైమ దగ్గర కూర్చోవడానికి ఆస్పత్రికి వెళ్ళిపోయింది.

*

మంగళవారం గాజులు శుభ్రం చేయించుకోవడానికి అందరూ వస్తారు. పొద్దున్నే హాల్లో బల్ల వేసుకుని, భరిణె తెరిచి కూర్చున్నాను. ముందు వరసలోని అమ్మాయి గాజుకి దీపం పెట్టాను. వెలగలేదు. రెండోది వెలగలేదు. మూడోది వెలిగింది. ఆ పిల్ల పక్కన కూర్చున్న అత్తగారు ఉలిక్కిపడింది.

"ఇదేంటండీ? ఇది తీసేశారు కదా! అశుభం కదా!"

"అశుభమన్నది నేనేనమ్మా. నాకు తెలీక వాగాను. ఈ పిల్లని ఇవాళ డాక్టరుగారి దగ్గర కూర్చోబెట్టండి. మీరు బయట ఉండండి. జవాబులు మీరు చెప్పకండి."

పదకొండింటికి డైరెక్టరు రాజశేఖరంగారు మెట్లు దిగి వచ్చారు. "ఆచారీ, ఏంటిది? ఎవరి పర్మిషన్? అది కమిటీ నిర్ణయం!"

"కమిటీలో నేనూ ఉన్నాను సార్."

"మళ్ళీ గేటు దగ్గర గొడవలు కావాలా? పథకం మొత్తం ఆగిపోతుంది తెలుసా?"

"గొడవ గేటు దగ్గర జరిగితే మీకు వినపడుతుంది సార్. ఇంట్లో జరిగితే వినపడదు. అందుకని దీపం తీసేశాం. మా ఇంట్లో జరిగింది. నాకే వినపడలేదు!" నా గొంతు హాలంతా మోగింది. ముప్పై ఏళ్ళ నౌకరీలో నేను ఎవరి ముందూ అలా అరవలేదు. "కావలిస్తే నన్ను తీసెయ్యండి. ఈ దీపాల జోలికి రాకండి."

ఆయన ఏదో అనబోయారు. అంతలో వరస పక్కనుంచి ఒక ముసలామె ముందుకొచ్చింది. పోలమ్మ. ఒక్కతే వచ్చింది. చీర చెంగులో చుట్టిన గాజు బల్ల మీద పెట్టింది.

"ఇది మీదే కదండి. తిరిగిచ్చేద్దారని వచ్చాను."

"నూకరత్నం ఏదమ్మా? పురుడు పుట్టింటి దగ్గరా?"

పోలమ్మ నావైపు చూసింది. అప్పుడు అరిచిన మనిషి ఈమేనా అనిపించింది. "లేదు బాబూ. నెలయిపోనాది. గాజు తీసి గూట్లో పెట్టి ఎల్లిపోనాది. ఉప్పుటేటి దగ్గర జోళ్ళు దొరికాయి." బల్ల మీది గాజుని చెంగుతో తుడిచింది. "ఎర్రదీపం ఎలిగితే తిట్టేవోళ్ళం. తిండికక్కుర్తని."

లక్క గీకాను. భరిణెలోంచి దీపం తీశాను. మూడుసార్లు జారింది. నాలుగోసారి నిలిచింది. గాజుకి బల్ల మీది కరెంటు కలిపాను.

వెలిగింది. ఏ చెయ్యీ లేని గాజు మీద ఊదా దీపం నిశ్చలంగా వెలిగింది. తెర మీద తొంభై ఆరు రోజులని వచ్చింది. మొదటి రోజు తెర మీద చూసిన అంకే అది, తొంభై ఆరు. అప్పుడు అది చక్కెర.

పోలమ్మ వంగి ఆ దీపాన్ని చూసింది. "ఇది అప్పుడు కూడా ఎలుగుతానే ఉందా బాబూ?"

"లోపల వెలుగుతూనే ఉందమ్మా. మనమే తీసేశాం. నువ్వు అడిగావు, నేను పీకాను."

ఆమె తల ఊపింది. ఏడవలేదు. తన ముంజేయి చాపింది, గాజులు లేని నల్లటి ముంజేయి. "నాకోటి తొడుగు బాబూ. నాకూ ఎలుగుతాదేమో సూద్దాం. నా కడుపులో ఉన్నది కూడా ఎవుళ్ళూ అడగలేదు ఎప్పుడూ."

ఆమెకి తొడిగాను. డైరెక్టరుగారు ఎప్పుడు మెట్లెక్కి వెళ్ళిపోయారో చూడలేదు. సాయంత్రానికి అరవై మూడు గాజులకి దీపాలు పెట్టాను. వాటిలో పద్నాలుగు వెలిగాయి. ఆ పద్నాలుగు మంది అమ్మాయిల్ని డాక్టర్ ఇందుమతి ఒక్కొక్కర్నే లోపలికి పిలిచి తలుపు వేసుకుంది. సంజాయిషీ ఇమ్మని నాకు కాగితం వచ్చింది. మడిచి జేబులో పెట్టుకున్నాను.

*

హైమ ఇంటికి వచ్చి మూడు వారాలైంది. బిడ్డకి ఇబ్బంది లేని మాత్ర ఒకటి ఇచ్చారు. వారానికి రెండుసార్లు మాట్లాడటానికి వెళుతుంది. చక్రధర్ సెలవు పెట్టి వచ్చాడు. మొదటి రోజు "ఎందుకిలా చేశావు?" అన్నాడు. మాణిక్యం వాణ్ణి వరండాలోకి లాక్కెళ్ళి ఏం చెప్పిందో, మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఊదా దీపం ఇంకా ఆరలేదు. "ఇంకా వెలుగుతోందా మావయ్యగారూ?" అని పొద్దున్నే భయంగా అడుగుతుంది.

"వెలగనీయమ్మా. చూస్తున్నాం కదా."

నైవేద్యానికి ఇప్పుడు బెల్లం పెట్టడం లేదు. మాణిక్యం శనగలు నానబెట్టి గుగ్గిళ్ళు చేస్తుంది. పూజగదికి గొళ్ళెం లేదు. గుగ్గిళ్ళ గిన్నె తీసుకుని ముందు హైమ దగ్గరికి వెళతాను. ఆమె గుప్పెడు తిన్నాక, ఆ గిన్నెనే అమ్మవారి ముందు పెడతాను. ఎంగిలి పెట్టకూడదని నాకు తెలుసు. ఆ రోజు బెల్లం ఎంగిలైనప్పుడు అమ్మవారు నన్ను ఏమీ అనలేదు. అనవలసింది అంతకు ముందు, ఖాళీ పళ్ళెం చూసి ఆ పిల్లని దొంగన్నప్పుడు. అప్పుడూ ఏమీ అనలేదేం తల్లీ అని రోజూ గంట కొట్టే ముందు అడుగుతున్నాను. నా కోపం ఇంకా తగ్గలేదు.

నిన్న పేపరు చూస్తే గళ్ళ నుడికట్టులో ఒకే ఒక్క గడి వరస ఆమె అక్షరాలతో నిండి ఉంది. నేను రాసిన దాని కింద ఎర్రగీత కూడా ఉంది.